తనను తాను అర్సుకోవడం

కరుణ అనే మాట తెలుగులో ఎప్పుడూ ఎదుటివాళ్ళ వైపే నడుస్తుంది. దేవుడు భక్తుల మీద, ఉన్నవాళ్ళు లేనివాళ్ళ మీద చూపిస్తారు. దయ, జాలి, కనికరం కూడా అంతే. పైనుంచి కిందికి దిగే మాటలవి. తన మీద తాను జాలిపడడం అనేది ఉంది గానీ, అది ఎవరినీ మెచ్చుకుంటూ అనే మాట కాదు. ఇక ఆడవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. మనం కరుణామయులమని పురాణాలూ, పాఠ్యపుస్తకాలూ, సినిమాలూ ఎంతగానో పొగిడాయి. ఆ కరుణలో ఒక ముద్ద మనకూ మిగుల్చుకోవచ్చని మాత్రం వాటిలో ఏదీ చెప్పలేదు.

మనస్తత్వ శాస్త్రంలో ‘సెల్ఫ్ కంపాషన్’ అనే భావన మీద ఇరవై ఏళ్ళకు పైగా పరిశోధనలు జరుగుతున్నాయి. దాన్ని కొలవడానికి ఒక స్కేలు ఉంది. ఆ స్కేలును తెలుగులో పెట్టే పనిలో పాలుపంచుకున్నాను. నేను సాహిత్య విద్యార్థిని, మనస్తత్వ శాస్త్రం నా రంగం కాదు. కానీ ఆ 26 వాక్యాలతో గడిపిన నెలలు నాకు మన భాష గురించీ, మన బతుకుల గురించీ, నా గురించీ కొన్ని సంగతులు చెప్పాయి. వాటిని మీతో పంచుకోవాలనిపించింది.

ముందుగా ఈ కొలత ఏమిటో చెప్పాలి. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పనిచేసే క్రిస్టిన్ నెఫ్ 2003లో దీన్ని ప్రచురించారు. బౌద్ధ ధ్యాన సంప్రదాయం నుంచి తీసుకున్న ఆలోచనను ఆమె మూడు జంటలుగా విడగొట్టారు. ఓడిపోయినప్పుడు, బాధలో ఉన్నప్పుడు మనతో మనం మెత్తగా ఉంటామా, మనల్ని మనం దుయ్యబట్టుకుంటామా? ఈ కష్టం మనుషులందరికీ వచ్చేదే అనుకుంటామా, లోకంలో నేనొక్కదాన్నే ఇలా ఉన్నానని విడిపోతామా? బాధను ఉన్నది ఉన్నట్టు గమనిస్తామా, అందులో మునిగిపోతామా? ఒక్కో వాక్యానికీ 1 నుంచి 5 వరకు అంకె వేయాలి. ‘దాదాపు ఎప్పుడూ లేదు’ అంటే 1, ‘దాదాపు ఎప్పుడూ ఉంటుంది’ అంటే 5. తిట్టుకోవడం, విడిపోవడం, మునిగిపోవడం గురించిన వాక్యాలకు వచ్చిన అంకెలను తిరగేసి, అన్నిటి సగటు తీస్తారు. ఇంతకన్నా తక్కువ వస్తే జబ్బు అని చెప్పే గీత ఏదీ ఇందులో లేదు. 2011లో 12 వాక్యాల చిన్న రూపం కూడా వచ్చింది.

దీనికి ముందు అమెరికన్ మనస్తత్వ శాస్త్రంలో ఆత్మగౌరవం రాజ్యమేలింది. మోరిస్ రోజెన్‌బర్గ్ 1965లో తయారుచేసిన పది వాక్యాల స్కేలు ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆత్మగౌరవంతో వచ్చిన చిక్కు ఏమిటంటే, అది చాలాసార్లు పోలిక మీద బతుకుతుంది. నలుగురిలో నేను మెరుగ్గా ఉన్నాననుకుంటేనే నిలబడుతుంది. పరీక్ష తప్పినరోజు, ఉద్యోగం పోయినరోజు, ప్రేమించినవాడు వదిలేసినరోజు, సరిగ్గా అవసరమైన ఆరోజే అది చెయ్యిస్తుంది. అలాంటి రోజున కూడా మనతో ఉండగలిగేది ఏదైనా ఉందా అన్నది నెఫ్ అడిగిన ప్రశ్న. నాకు ఈ ప్రశ్న నచ్చింది.

మానసిక ఆరోగ్యంతో దీనికున్న సంబంధం గురించి తరచుగా ఉదహరించేది 2012లో మక్‌బెత్, గమ్లీ అనే ఇద్దరు చేసిన పరిశీలన. అప్పటివరకు వచ్చిన 14 అధ్యయనాలను కలిపి చూస్తే, ఈ స్కేలు మీద అంకె పెరిగేకొద్దీ కుంగుబాటు, ఆందోళన, ఒత్తిడి తగ్గుతున్నాయి. ఆ విలోమ సంబంధం బలం 0.54. ఇలాంటి శాస్త్రాల్లో అది పెద్ద అంకె కిందే లెక్క. అయితే రెండు విషయాలు కలిసి నడవడం వేరు, ఒకటి ఇంకోదానికి కారణం కావడం వేరు. తనను తాను తిట్టుకోవడం వల్ల మనిషి కుంగిపోతుందా, కుంగిపోయింది కాబట్టి తిట్టుకుంటోందా? 0.54 అనే అంకె ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. డాక్టరేట్ చేతికొచ్చిన తర్వాత రెండేళ్ళు నేను కుంగుబాటుతో ఉన్నాను. ఒక కాలేజీలో గంటల లెక్కన జీతమిచ్చే ఉద్యోగం. సెలవు పెడితే జీతం లేదు. సాయంత్రం ఇంటికొచ్చి పిల్లవాడి హోంవర్కు, వంట, మర్నాటి పాఠం. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. అప్పుడు తలలో ఒక గొంతు మొదలయ్యేది. ఇంత చదివించాక నువ్వు తెచ్చేది ఇంతేనా? ఒక వ్యాసం రాయడానికి ఆరునెలలా? నీకన్నా చిన్నవాళ్ళు ఎక్కడున్నారో చూడు. తెలుగు స్త్రీల ఆత్మకథల మీద సిద్ధాంతవ్యాసం రాసినదాన్ని, పితృస్వామ్యం మనసులోకి ఎలా దిగుతుందో క్లాసులో గంటసేపు చెప్పగలిగినదాన్ని. ఆ పరిజ్ఞానం ఏదీ రాత్రి రెండింటికి పనిచేసేది కాదు. పైగా ‘ఇంత తెలిసీ ఇలా ఉన్నావు’ అని ఆ గొంతుకు ఇంకో తిట్టు దొరికేది. మందులు వాడాను. ఇప్పుడు బాగానే ఉన్నాను.

ఆ రోజులు గడిచాక మనస్తత్వ శాస్త్రంలో పరిశోధన చేస్తున్న స్నేహితురాలు ఒకరోజు ఫోన్ చేసింది. “బీడీలు చుట్టే స్త్రీల మీద పని చేస్తున్నాను, ఈ స్కేలు తెలుగులో కావాలి. మాటకు మాట పెడితే అది తెలుగే కాదు. నువ్వు నాతో ఊళ్ళకు రావాలి” అంది. ఆమె ఎంచుకున్నది నిజామాబాద్ జిల్లా. మా అమ్మమ్మది అక్కడి ఊరే. అమ్మమ్మా, అమ్మా ఇద్దరూ బీడీలు చుట్టారు. నా పదో తరగతి ఫీజు నుంచి హైదరాబాద్ హాస్టల్ ఖర్చుల దాకా అమ్మ చాట ముందు కూర్చుని సంపాదించినవే. అందుకే వెంటనే సరేనన్నాను.

‘కరుణ’, ‘దయ’, ‘ప్రేమ’ అనే మూడు మాటలు పట్టుకుని వెళ్ళాం. ఏది నిలుస్తుందో వాళ్ళనే అడుగుదామని. మొదటి ఇంట్లోనే అరవై దాటిన ఒకావిడ నవ్వేసింది. “నా మీద నాకు దయేంది బిడ్డా? నేనేమన్న పరాయిదాన్నా?”

నా స్నేహితురాలు నా వైపు చూసింది. ఆ ఒక్క మాటతో రెండు పదాలు పోయినట్టే. ‘ప్రేమ’ అన్నా కుదరలేదు. వయసు పిల్లలు సిగ్గుపడ్డారు, పెద్దవాళ్ళు సినిమా మాట అన్నారు. మరి ఒంట్లో బాగాలేనప్పుడు, మనసు బాగాలేనప్పుడు మిమ్మల్ని మీరు ఎలా చూసుకుంటారని అడిగితే, ఆవిడే తునికాకు కత్తిరిస్తూ చెప్పింది. “నా పానం నేనే అర్సుకోవాలె. ఇంకెవరు అర్సుకుంటరు?”

అర్సుకోవడం. చిన్నప్పటినుంచి విన్న మాట. జ్వరమొచ్చిన మనిషి దగ్గర కూర్చుని ఎట్లున్నదని అడగడం, తిన్నావా అని కనుక్కోవడం, పోయివచ్చిన ఇంటికి మళ్ళీ పోయి చూడడం, అన్నీ అందులో ఉన్నాయి. జాలిలో ఉండే ఎత్తుపల్లాలు ఇందులో లేవు. అడగడం ఉంది, పక్కన కూర్చోవడం ఉంది. ‘అర్సుకునేటోళ్ళు లేరు’ అన్నది మా వైపు ఆడవాళ్ళు ఒంటరితనానికి పెట్టుకున్న పేరు. అలాగే బాధలో మునిగిపోవడానికి ‘రంది పెట్టుకోవడం’, తేరుకోవడానికి ‘నిమ్మళం’, కోలుకోలేని దిగులుకు ‘మనాది’ ఉన్నాయి. మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడడానికి తెలుగులో మాటలు లేవని సమావేశాల్లో అంటుంటారు. మాటలు ఉన్నాయి. వాటిని పాఠ్యపుస్తకాలు రానివ్వలేదు, అంతే.

అంకెలు వేయించడానికి ఐదు చింతగింజలు ముందు పెట్టి, ఎన్ని తీస్తారో తీయమన్నాం. పన్నెండు మందితో కూర్చున్నాం. ఒక్క వాక్యానికి ఒక్కోసారి అరగంట పట్టేది, ఎందుకంటే గింజలు తీసేముందు అందరూ కథ చెప్పారు. ఆ కథలు వింటుంటేనే నాకు ఈ కొలత మీద ఉన్న సందేహాలు ఆకారం తీసుకున్నాయి.

మొదటిది, ‘అందరికీ వచ్చే కష్టమే’ అన్న భాగం గురించి. నెఫ్ లెక్కలో దీనికి ఎక్కువ గింజలు తీస్తే మంచిది, ఆ మనిషి తన బాధలో ఒంటరి కాదని అర్థం. ఒకామె తడుముకోకుండా ఐదు గింజలూ తీసింది. ఎందుకని అడిగితే, “ఆడపుట్టుక పుట్టినంక అందరికీ ఉండేదే గదా. మా అమ్మ తన్నులు తిన్నది, నేను తిన్న, రేపు నా బిడ్డ” అంది. ఇంకో ఇంట్లో బీడీ కార్మికుల సంఘంలో తిరిగే మనిషి కూడా ఐదే తీసింది. ఆమె చెప్పిన కారణం వేరు. “నా ఒక్కదానికే నడుం నొప్పి అనుకున్నన్ని రోజులు నాదే తప్పనుకున్న. సంఘంల కూసున్నంక తెల్వదా, అందరి నడుములు గిట్లనే ఉన్నయని?”

ఇద్దరివీ ఐదు గింజలే. స్కేలుకు ఈ ఇద్దరూ ఒకటే. ఒకరిది తలరాతకు తలవంచడం, రెండోది తలెత్తడానికి మొదటి మెట్టు. 1978లో హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన ఏర్పడ్డప్పుడైనా, ప్రపంచంలో ఇంకెక్కడైనా, స్త్రీలు చిన్న గుంపులుగా కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టినప్పుడు జరిగింది ఇదే. ‘నాకొక్కదానికే కాదు’ అన్న ఎరుక నుంచి ‘ఇలా ఎందుకుండాలి’ అన్న ప్రశ్న దాకా నడవడం. ఆ నడక అంకెలో కనపడదు. అంకె తర్వాత ‘ఎందుకు?’ అని అడిగితేనే బయటపడుతుంది.

రెండో సందేహం, తనను తాను దుయ్యబట్టుకోవడం గురించి. నడివయసు స్త్రీ ఒకామె ఒక్క గింజ తీసింది. అంటే తనను తాను అసలు తిట్టుకోదన్నమాట. తిరగేసి లెక్కిస్తే మంచి అంకె. ఆమె చెప్పిన సంగతి ఇది: “నన్ను నేను తిట్టుకునుడెందుకు బిడ్డా, తిట్టెటోళ్ళు ఇంటి నిండ ఉన్నరు.” అందరం నవ్వాం. ఆ నవ్వు తర్వాత నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. బయటి తిట్టు బయటే ఉన్నంతకాలం ఆమె దాన్ని బయటిదిగానే గుర్తుపట్టగలిగింది. నాలాంటి చదువుకున్న ఆడవాళ్ళ ఇళ్ళలో ఎవరూ పైకి తిట్టకపోవచ్చు. ఆ పని మనమే చేసుకుంటాం, తిట్టేవాళ్ళకు శ్రమ లేకుండా. నా రాత్రి రెండింటి గొంతు ఎవరిది? అందులో నా మాట ఎంత? చాట ముందు కూర్చుని కట్ట కట్టకూ బీడీలు ఎంచే అమ్మ కళ్ళున్నాయి. కార్ఖానాలో పనికిరావని తీసేస్తే ఆ కూలి పోతుంది కాబట్టి ఆమెకు ఆ కళ్ళు అవసరమయ్యాయి. నా యాసకు నవ్విన క్లాసు ఉంది. మా కులంవాళ్ళకు చదువెందుకన్న ఊరు ఉంది. వీటన్నిటినీ కలిపి ‘స్వీయ విమర్శ’ అని పిలిస్తే నేరం నా ఒక్కదాని మీదికే వస్తుంది.

ఈ తిరగేసే భాగాల గురించి మనస్తత్వ శాస్త్రంలోనూ గట్టి వాదనే నడిచింది. 2017లో మ్యూరిస్, పెట్రోకి అనే ఇద్దరు పరిశోధకులు, జబ్బుతో బలంగా ముడిపడి ఉన్నవి తిట్టుకోవడం, విడిపోవడం, మునిగిపోవడం అనే మూడు భాగాలేననీ, మెత్తగా ఉండడం లాంటి భాగాల సంబంధం అంతకన్నా పలచననీ చూపారు. అంటే ఈ స్కేలు ఒకచోట కుంగుబాటు లక్షణాలనే ఇంకో పేరుతో మళ్ళీ కొలుస్తోందా అన్న ప్రశ్న వచ్చింది. నెఫ్, ఆమె సహచరులు ఒప్పుకోలేదు. తిట్టుకోవడం తగ్గడం కూడా కరుణలో భాగమే కదా అన్నది వాళ్ళ జవాబు. నా అనుభవంలో రెండువైపులా నిజం ఉంది. మందులు గొంతు స్థాయిని తగ్గించాయి. కానీ గొంతు తగ్గినంత మాత్రాన దాని స్థానంలో మంచిమాట దానంతటదే రాలేదు. అది నేర్చుకోవలసి వచ్చింది.

2015లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశీలనలో స్త్రీల అంకె పురుషుల అంకె కన్నా కొద్దిగా తక్కువని తేలింది. తేడా చిన్నదే. అన్ని వ్యాసాల్లోనూ ఇతరుల పట్ల కరుణ స్త్రీల సుగుణంగా మెరుస్తుంటే, తమదాకా వచ్చేసరికి అది తగ్గడం మాత్రం ఆలోచించవలసిన విషయం. తూర్పుదేశాలవాళ్ళకు కరుణ పుట్టుకతో వస్తుందనే మాట కూడా నిలవదు. 2008లో నెఫ్ బృందం మూడు దేశాల విద్యార్థులను పోలిస్తే థాయిలాండ్ అంకె ఎక్కువగా, తైవాన్ అంకె తక్కువగా వచ్చాయి, అమెరికా మధ్యలో ఉంది. ఆచరణలో పిల్లలను ఎలా పెంచుతారు, తప్పు చేస్తే ఏం చేస్తారు అన్నవే ముఖ్యం. మతగ్రంథాల్లో కరుణ ఎంత ఉందన్నది కాదు.

ఇక అసలు భయం దగ్గరికి వస్తాను. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2021లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలు 45,026 మంది. అందులో 23,178 మంది గృహిణులు. బెంగళూరు నిమ్‌హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, వాటిలో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. భార్గవి దావర్ 1999లోనే భారతీయ స్త్రీల మానసిక ఆరోగ్యం మీద పుస్తకం రాస్తూ, స్త్రీలలో ఎక్కువగా కనిపించే కుంగుబాటు, ఆందోళనలను వాళ్ళ జీవన పరిస్థితుల నుంచి విడదీసి చూడలేమని వాదించారు. ఆమె 2024లో మరణించారు. ఆ వాదన పక్కన ఈ స్కేలును పెట్టి చూస్తే భయమేస్తుంది. తన్నులు తినే స్త్రీకి ‘నీతో నువ్వు మెత్తగా ఉండు’ అని చెప్పి పంపేయడానికి ఇది పనికొస్తుందా? వెయ్యి బీడీల కూలి పెంచమని అడగాల్సినచోట ఊపిరి మీద ధ్యాస పెట్టమని చెప్పడానికి? గంటల లెక్కన జీతమిచ్చే కాలేజీలు ఒత్తిడి తగ్గించుకోవడం మీద వర్క్‌షాపులు పెట్టడం నేను చూశాను. వర్క్‌షాపుకు వెళ్ళిన గంటకు జీతం లేదు.

అయినా దీన్ని అవతల పారేయలేను. స్త్రీవాదులం మనం కారణాలను బయట వెతకడంలో ఆరితేరాం. అది అవసరం. కానీ కారణం బయట ఉన్నదని తెలిసినంత మాత్రాన, లోపల నాటుకున్నది రాలిపోదు. వ్యవస్థ మారేదాకా రాత్రి రెండింటికి ఏం చేయాలి? నాకు పనిచేసినది చాలా చిన్న విషయం. నా విద్యార్థిని ఎవరైనా ఇదే స్థితిలో వస్తే ఏమంటానో ఆ మాటే, అదే స్వరంతో, నాకు నేను చెప్పుకోవడం. “తిన్నవా? పడుకో. రేపు చూద్దాం.” మొదట్లో నటనలా ఉండేది. ఆర్నెల్లకు అలవాటైంది. ఆ అలవాటయ్యాకే, నాకు రావలసిన జీతం బకాయి గురించి గొంతు వణకకుండా అడగగలిగాను. నెఫ్ 2021లో రాసిన పుస్తకంలో కరుణకు రెండు ముఖాలు చెబుతారు. ఓదార్చేది ఒకటి, అడ్డుకునేది ఇంకొకటి. రెండోది లేకుండా స్త్రీలకు మొదటిదాన్ని మాత్రమే బోధిస్తే అది పాత ఓర్పు పాఠమే అవుతుంది.

అంబేద్కర్ ‘బుద్ధుడు-ఆయన ధమ్మం’లో కరుణ దగ్గర ఆగిపోకుండా మైత్రి దాకా వెళ్ళాలన్నది ముఖ్యంగా చెబుతారు. తోటి మనుషులతో ఆగక ప్రాణులన్నిటికీ చేరేది మైత్రి. ఆ ప్రాణుల్లో మనమూ ఉన్నామని నేను కలుపుకుంటాను. మైత్రి సమానుల మధ్య మాట, అర్సుకోవడం లాగే.

నా సిద్ధాంతవ్యాసం కోసం ఎన్నోసార్లు చదివిన కొండపల్లి కోటేశ్వరమ్మగారి ‘నిర్జన వారధి’ని ఈ మధ్య మళ్ళీ చదివాను. ఆమె బాలవితంతువు. కమ్యూనిస్టు ఉద్యమంలో అజ్ఞాతంలో తిరిగారు. భర్త వదిలేశాక ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివారు, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేసి బతికారు. కొడుకునూ కూతురినీ పోగొట్టుకున్నారు. తొంభై ఏళ్ళు దాటాక 2012లో ఆ పుస్తకం వచ్చింది. అందులో తన మీద జాలి లేదు, తనను తాను నిందించుకోవడం లేదు. జరిగినదాన్ని తగ్గించి చెప్పడమూ లేదు. క్షమించనిచోట క్షమించానని నటించడం కూడా లేదు. ఆమెకు ఈ 26 వాక్యాలు ఇచ్చి ఉంటే ఏ అంకె వచ్చేదో ఊహించడం అనవసరం. కొలవవలసింది ఏమిటో మాత్రం ఆ పుస్తకం చూస్తే అర్థమవుతుంది.

మా తెలుగు స్కేలు ఇంకా ముసాయిదాగానే ఉంది. ఇంకా చాలామందితో సరిచూడాలి. స్నేహితురాలితో మాట్లాడి ఒక్క నియమం పెట్టుకున్నాం. గింజలు లెక్కపెట్టి కాగితం మడిచి వచ్చేయకూడదు, ప్రతి మనిషి దగ్గరా ‘ఎందుకు?’ అన్న ప్రశ్నకు జవాబు రాసుకోవాలి. దానికి సమయం పడుతుంది, డబ్బు పడుతుంది, పత్రికల్లో అచ్చుకు పనికిరాని పేజీలు చాలా మిగులుతాయి. ఆ పేజీలను చదవడానికి సాహిత్యం చదువుకున్నవాళ్ళు కావాలి. మనలో ఎవరికైనా తీరిక ఉంటే రండి. తీరిక లేదంటే, ఎందుకు లేదో అదీ రాయండి.